వాన డేటాలో ఖాళీ అంటే సున్నా కాదండీ (అపోహలు - వాస్తవాలు)

"మా స్టేషన్‌లో పదిహేనేళ్లుగా వర్షం తగ్గుతోంది, థీసిస్‌లో రాసెయ్యొచ్చా?" అంటూ ఈ నెలలో వచ్చిన మూడో ఫైల్ ఇది. తెరిచి చూస్తే తగ్గింది వర్షం కాదు, రీడింగులు.

అపోహ: గడి ఖాళీగా ఉంటే ఆ రోజు వాన లేనట్టే.

కాదు. వాన లేకపోతే 0 రాస్తారు, ఖాళీ అంటే ఏం జరిగిందో తెలియదని. ఇది మాకు తెలుసు అంటారు గానీ, ఈ తప్పు చాలాసార్లు మన చేత్తో జరగదు. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో నెల మొత్తం కూడితే ఎన్‌ఏ (విలువ లేదు) వస్తోందని విసుగొచ్చి, ఖాళీలు వదిలేసి కూడమని చెప్పే ఎన్‌ఏ.ఆర్‌ఎం ట్రూ పెట్టేస్తాం, ఇక నెలంతా ఖాళీ ఉన్నా అది ఏ హెచ్చరికా లేకుండా 0 ఇచ్చేస్తుంది. పైథాన్‌లో వాడే పాండాస్ అయితే, కనీసం ఇన్ని రీడింగులుంటేనే కూడమని చెప్పే మిన్‌_కౌంట్ పెట్టకపోతే అడక్కుండానే ఆ పని చేస్తుంది. పరికరం పాడైన నెలలన్నీ అలా కరువు నెలలైపోతాయి. పైగా వాన కొలిచే గేజ్ పొంగేది, కరెంటు పోయేది గట్టి వానలోనే కాబట్టి పోయేవి తరచూ పెద్ద అంకెలే.

నేనూ తక్కువ తినలేదు. కొత్తలో ఒక స్టేషన్‌కు మూడు రోజుల ఖాళీ, నాలుగో రోజు 94 మి.మీ. కనిపిస్తే, పక్క స్టేషన్లతో ఆ మూడు రోజులూ నింపేసి మురిసిపోయాను. తర్వాత పాత రిజిస్టర్ తిప్పితే అంచున పెన్సిల్‌తో "నాలుగు రోజులది కలిపి" అని ఉంది. ఒకే వానను రెండుసార్లు లెక్కేశానన్నమాట! అప్పట్నుంచి ఖాళీ తర్వాత వచ్చే మొదటి రీడింగ్‌ని నమ్మను.

సగటుతో నింపితే పోలా అంటారు. నెలకు 150 మి.మీ. పడే చోట రోజుకు 5 చొప్పున నింపితే మొత్తం బాగానే కనిపిస్తుంది, వరద తెచ్చే 60 మి.మీ. రోజు మాత్రం మాయమై రోజూ చినుకులే మిగులుతాయి. అటూ ఇటూ రీడింగుల మధ్య గీత గీసి నింపడం ఉష్ణోగ్రతకైతే చిన్న ఖాళీల వరకు ఓకే, రోజువారీ వానకు వద్దు. పక్క స్టేషన్ అంటే దూరం ఒక్కటే చూడకండి, మధ్యలో కొండ ఉంటే దాని వాన వేరు, దీని వాన వేరు.

"మైస్ ప్యాకేజీ వాడాను కదా" అనేవాళ్లకు ఒక మాట. ఖాళీలను అంచనాలతో నింపే ఆ ఆర్ ప్యాకేజీ మామూలుగా 5 పూరించిన సెట్లు ఇస్తుంది. మొదటిది ఉంచుకుని మిగతావి పారేస్తే ఎలా? వాటి మధ్య తేడాయే కదా మన అనిశ్చితి! తెలిసిన రీడింగులు కొన్ని దాచి, నింపించి, పోల్చి చూడండి, వాన రోజుల సంఖ్యతో సహా.

ఖాళీలుంటే గైడ్ ఒప్పుకోరేమోనని టెన్షన్ పడేవాళ్లను చూస్తే నిజంగా జాలేస్తుంది. ప్రపంచ వాతావరణ సంస్థ మార్గదర్శకాల్లోనే, రోజులు లోపిస్తే నెల వర్షపాతం మొత్తం కట్టొద్దని ఉంది, ఆ రోజులది తర్వాతి రీడింగ్‌లో కలిసి ఉంటే తప్ప. అన్నీ నింపాలని ఎవరూ అనలేదు. నింపినవాటికి మాత్రం పక్కన ఒక కాలమ్ పెట్టి, కొలిచిందో నింపిందో గుర్తు వేయండి, వైవాలో మొదట అడిగేది అదే.