ఇంటీరియర్ డిజైన్‌లో ప్రేరణ: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: నచ్చిన ఇంటి ఫోటో చూపించి, అదే రంగు మన గోడకి వేయిస్తే అదే అందం వస్తుంది.

వాస్తవం: మెక్సికో ఆర్కిటెక్ట్ లూయిస్ బరగాన్ 1948లో మెక్సికో సిటీలో కట్టుకున్న ఇంటి ఫోటోలు తెచ్చి "ఈ గులాబీ గోడే కావాలండీ" అంటారు. ఆ రంగు సగం డబ్బాలోది, సగం ఎండది. మెట్ల దగ్గర శిల్పి మథియాస్ గోరిట్స్ చేసిన బంగారు రేకు పలక ఒకటుంది. కిటికీ వెలుతురు దాని మీద పడి కిందికి పరుచుకుంటుంది. పక్క బిల్డింగు నాలుగడుగుల దూరంలో ఉన్న మన ఫ్లాట్‌లో, తెల్ల ఎల్‌ఈడీ కింద, అదే గులాబీ పిల్లల దగ్గుమందులా కనిపిస్తుంది. ముందు గోడ మీద రెండడుగుల ముక్కకి వేసి, పొద్దున ఓసారి, రాత్రి ఓసారి చూడండి.

అపోహ: ఐడియాల కోసం విదేశాలు తిరగాలి.

వాస్తవం: వెళ్లగలిగితే మంచిదే. కానీ హిందూపురం పక్కనే లేపాక్షి ఉంది. అక్కడి లతా మండపం స్తంభాల మీది నగిషీలు చీర అంచులకు ఎక్కినప్పుడు, మన తలుపు జాలీకి ఎందుకు పనికిరావు?

అపోహ: మండువా లోగిలి స్టైల్ అంటే చెక్క స్తంభాలు, ఉయ్యాల బల్ల, ఇత్తడి గంగాళం.

వాస్తవం: అవి సామాన్లు. మండువా ఇంటికి ప్రాణం నడిమి ఖాళీ. చుట్టూ పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. వాన నీళ్లు మధ్యలో పడి తూములోంచి బయటికి పోతాయి. వేడిగాలి పైకి పోయేదీ, చుట్టూ గదులకి వెలుతురు వచ్చేదీ అక్కడినుంచే. కాబట్టి ఫ్లాట్‌లో ఆ స్ఫూర్తి కావాలంటే హాలు మధ్యలో ఏమీ పెట్టకండి. సోఫాలు గోడల వారకి జరపండి. ఎదురెదురు కిటికీల మధ్య గాలికి అడ్డంగా వార్డ్‌రోబ్ కట్టించకండి. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు హాల్లో ప్లైవుడ్ స్తంభాలు మాత్రం, దయచేసి, వద్దు. అడిగినవాళ్లకి నేను ఒకటికి రెండుసార్లు వద్దనే చెబుతాను.

అపోహ: పెయింటింగ్ సోఫాకి మ్యాచ్ అవ్వాలి.

వాస్తవం: అక్కర్లేదు. తోట వైకుంఠం బొమ్మల్లో తెలంగాణ ఆడవాళ్ల చీరల ఎరుపు, పసుపు చూడండి. అంత గట్టి రంగుకి జత వెతక్కూడదు, చోటివ్వాలి. వెనక సున్నపు తెలుపు గోడ చాలు.

అపోహ: కలంకారీ అంతా ఒకటే, ఎక్కడైనా వాడొచ్చు.

వాస్తవం: శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. మొదటిది ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టే బొమ్మ. రెండోదానిలో డిజైన్ మళ్లీ మళ్లీ వస్తుంది కనుక దిండ్లకి, దుప్పట్లకి బాగుంటుంది. సహజ రంగులైతే నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతాయి. పడమటి కిటికీకి కర్టెన్‌గా కుట్టించాలనుకుంటే వెనక మందపాటి లైనింగ్ వేయించండి.