ఇంటి సోలార్‌కు బ్యాటరీ: అపోహలు – వాస్తవాలు

బెజవాడలోనూ గుంటూరులోనూ డాబా మీద సోలార్ ఇప్పుడు వింతేం కాదు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకు కలిపే) సిస్టమ్ మధ్యతరగతి ఇళ్లకు అలవాటైపోయింది. పెట్టించుకున్న మొదటి వేసవిలోనే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "నెత్తిన ఎండ మండిపోతోంది, కరెంటు పోతే మా ఇంట్లో ఫ్యాను తిరగట్లేదేంటండీ?" బ్యాటరీ మాట అక్కణ్నుంచే మొదలవుతుంది, దాంతోపాటే అపోహలూ.

అపోహ: ప్యానెళ్లున్నాయి కాబట్టి పగలు కరెంటు పోయినా ఇల్లు నడవాలి. నడవకపోతే ఇన్వర్టర్‌లో లోపం.

లోపం లేదు. దాన్ని తయారుచేసిందే అలా. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో వచ్చే కరెంటును చూసి, దాని తాళానికే తాళం కలుపుతుంది. లైన్ పోగానే ఒకటి రెండు సెకన్లలో ఆగిపోవాలి. ఆగకపోతే మీ డాబా మీది కరెంటు వీధి తీగల్లోకి వెళ్తుంది. సప్లై ఆపాం కదా అని స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతికి అదే తగులుతుంది. కరెంటు లేనప్పుడూ సోలార్ పనిచేయాలంటే ఇంటిని లైన్ నుంచి విడదీసి, తనే 230 వోల్టులు నిలబెట్టగల ఇన్వర్టర్ కావాలి. దానికి వెన్నుదన్నుగా బ్యాటరీ కావాలి.

అపోహ: ఇంట్లో పాత ఇన్వర్టర్, ట్యూబులర్ (నీళ్లు పోసే లెడ్ యాసిడ్) బ్యాటరీ ఉన్నాయి. దాని ఔట్‌పుట్‌ను సోలార్ ఇన్వర్టర్‌కు కలిపితే కరెంటు ఉందనుకుని అదే నడుస్తుంది.

ఈ చిట్కా చేతిలో టెస్టర్ ఉన్న ప్రతివాడి నోటా వినిపిస్తుంది. పాతది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే, దాని కరెంటు లైన్ కరెంటులా సాఫీగా ఉండదు కాబట్టి, సోలార్ ఇన్వర్టర్ దాన్ని లైనుగా ఒప్పుకోదు, బతికిపోతారు. అచ్చం లైన్ కరెంటులాంటిదే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ అయితేనే చిక్కు. సోలార్ ఇన్వర్టర్ నిజంగానే ఆన్ అవుతుంది. మధ్యాహ్నం 2,000 వాట్లు వస్తుంటే ఇంట్లో వాడేది 400. మిగతా 1,600 పోవడానికి దారేది? పాత ఇన్వర్టర్ ఔట్‌పుట్‌లోంచి వెనక్కి దూరుతుంది. బయటికి ఇవ్వడమే తప్ప లోపలికి తీసుకోవడం దానికి తెలియదు. బ్యాటరీ వోల్టేజీ అదుపు తప్పి పెరుగుతుంది, ఇన్వర్టర్ లోపల స్విచ్చుల్లా పనిచేసే మాస్‌ఫెట్లు పేలతాయి. అదృష్టం బాగుంటే అంతటితో పోతుంది.

సరైన దారులు రెండు. మొదటిది, ఉన్న ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తీసేసి హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టడం. ప్యానెల్, బ్యాటరీ, లైను మూడూ దానికే వస్తాయి. రెండోది, ఆన్‌గ్రిడ్‌దాన్నే ఉంచి, రెండు వైపులా కరెంటు నడపగల బ్యాటరీ ఇన్వర్టర్‌ను పక్కన చేర్చడం. బ్యాటరీ నిండగానే ఇది ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ నుంచి కాస్త పైకి జరుపుతుంది. అది చూసి సోలార్ ఇన్వర్టర్ తగ్గుతుంది, లేదా ఆగుతుంది. ఈ పద్ధతిలో సోలార్ ఇన్వర్టర్ కెపాసిటీ బ్యాటరీ ఇన్వర్టర్ కెపాసిటీని మించకూడదు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ వారంటీ ఇంకా మిగిలుంటే రెండోది ఆలోచించండి. కొత్తగా సోలార్ పెట్టించుకునేవాళ్లు, ఎప్పటికైనా బ్యాటరీ పెట్టే ఉద్దేశం ఉంటే, మొదటే హైబ్రిడ్ తీసుకోవడం మేలు.

అపోహ: బ్యాటరీ పెడితే బిల్లు ఇంకా తగ్గుతుంది.

నెట్ మీటర్ ఉన్న ఇంట్లో తగ్గదు. అమ్మేవాళ్లు చెప్పడానికి ఇష్టపడని సంగతి ఇదే. 3 కిలోవాట్ల ప్యానెళ్లు సగటున రోజుకు 12 యూనిట్లిస్తాయి. పగలు వాడగా మిగిలింది లైన్లోకి పోతుంది, రాత్రి వాడుకున్నది అందులోంచి తీసివేస్తారు. మీ తరఫున విద్యుత్ పంపిణీ సంస్థ సీపీడీసీఎల్ లైనే బ్యాటరీలా పనిచేస్తోంది, అదీ నష్టం లేకుండా. అదే యూనిట్‌ను ఇంట్లో లిథియంలో దాచి తీస్తే పదో వంతుకు పైగా వేడి రూపంలో పోతుంది. ట్యూబులర్‌లో అయితే పాతిక శాతం దాకా పోతుంది.

లెక్క కూడా చూద్దాం. 5 యూనిట్ల లిథియం బ్యాటరీ రూ.1,20,000కు వచ్చిందనుకోండి. రోజూ 4 యూనిట్ల చొప్పున పదేళ్లు వాడితే 14,600 యూనిట్లు. యూనిట్‌కు రూ.8 పైనే పడింది. ఇళ్ల టారిఫ్‌లో 226 నుంచి 400 యూనిట్ల స్లాబు రూ.8.75, ఆ కింది స్లాబు రూ.6. సోలార్ వచ్చాక మీ ఇల్లు ఏ స్లాబులో ఉందో బిల్లు తీసి చూసుకోండి. బ్యాటరీకి పెట్టే డబ్బు కరెంటు పోయినప్పుడు ఇల్లు ఆగకుండా ఉండటానికి పెట్టే డబ్బు. ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ మీద ఉన్న పెద్దవాళ్లుంటే, ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లుంటే అది సమంజసమైన ఖర్చే.

అపోహ: 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే రాత్రంతా ఢోకా లేదు.

12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అంటే కాగితం మీద 1.8 యూనిట్లు. ట్యూబులర్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు పడిపోతుంది, కాబట్టి చేతికొచ్చేది 0.9. ఇన్వర్టర్‌లో పోయేది పోగా 0.75. పైగా ఆ 150 అనేది 20 గంటల పాటు నెమ్మదిగా, అంటే ఏడున్నర ఆంపియర్లు తీస్తేనే వచ్చే అంకె. నాలుగు మామూలు ఫ్యాన్లు 300 వాట్లు, లైట్లూ రూటరూ 60. మొత్తం 360 వాట్లకు బ్యాటరీ నుంచి 35 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ లాగుడుకు బ్యాటరీ ఇంకాస్త తక్కువే ఇస్తుంది. రెండు గంటలు దాటితే సంతోషించాలి.

అదే 51.2 వోల్టులు, 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ ప్యాక్‌లో 5.12 యూనిట్లుంటాయి. 90 శాతం వాడినా ఫర్వాలేదు. నష్టాలు పోను 4.2 యూనిట్లు చేతికొస్తాయి, ఇదే లోడుకు పదకొండు గంటల పైమాటే.

రెండో బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చండి. 75 వాట్ల ఫ్యాను స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే నాలుగింటికి ఎనిమిది గంటల్లో 2.4 యూనిట్లు కాస్తా ఒక యూనిట్ లోపుకు దిగుతుంది. ఇంతకంటే చవకైన బ్యాటరీ లేదు.

ఏసీ సంగతి వేరు. టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ మొదట్లో 1,500 వాట్లు లాగి, గది చల్లబడ్డాక సగానికి తగ్గుతుంది. రాత్రికి 5, 6 యూనిట్లు దానికే పోతాయి. 5 యూనిట్ల బ్యాటరీతో ఏసీ నడుస్తుంది అంటే నడుస్తుంది, తెల్లారేదాకా నడవదు. బోరు మోటారును మాత్రం బ్యాకప్‌లో కలపకండి. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు కిలోవాట్ అయినా, స్టార్టింగ్‌లో అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఆ ఒక్క క్షణానికే ఇన్వర్టర్ ఓవర్‌లోడై ఇల్లంతా చీకటవుతుంది. కరెంటున్నప్పుడే ట్యాంకు నింపుకోవడం తెలివైన పని.

అపోహ: ట్యూబులర్ తీసి దాని జాగాలో లిథియం పెడితే చాలు.

ట్యూబులర్‌కు అప్పుడప్పుడూ 15 వోల్టుల పైదాకా ఎక్కించే సెట్టింగ్ పాత ఇన్వర్టర్లలో ఉంటుంది. నాలుగు సెల్స్ ఉన్న 12.8 వోల్టుల లిథియంకు 14.6 దాటకూడదు, 14.2 దగ్గరే ఆపడం మంచిది. హద్దు దాటగానే లోపలి రక్షణ సర్క్యూట్, బీఎంఎస్, టక్కున కట్ చేస్తుంది. మధ్యాహ్నం ఫుల్ చార్జింగ్‌లో ఉండగా అలా కట్టయితే, పోవడానికి చోటులేని కరెంటు వోల్టేజీని ఒక్కసారిగా ఎగదన్ని చార్జ్ కంట్రోలర్‌ను దెబ్బతీస్తుంది.

16 సెల్స్ ఉన్న 51.2 వోల్టుల ప్యాక్‌కు చార్జింగ్ 56 నుంచి 56.8 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 54, లో కటాఫ్ 48 వోల్టుల దగ్గర పెట్టొచ్చు. బ్యాటరీ కంపెనీ షీట్ వేరే అంకె చెబితే అదే పాటించాలి. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య సమాచారం పంపుకునే క్యాన్ లేదా ఆర్‌ఎస్ 485 కేబుల్ తప్పనిసరిగా వేయించండి. అది లేకపోతే ఇన్వర్టర్ వోల్టేజీ చూసి చార్జ్ ఎంతో ఊహిస్తుంది. లిథియంలో 80 శాతానికీ 30 శాతానికీ వోల్టేజీ తేడా చాలా స్వల్పం. తెర మీద 45 శాతం చూపిస్తూనే బ్యాటరీ ఆగిపోవడానికి కారణం ఇదే.

అపోహ: బ్యాటరీకి డాబా మీది మెట్ల గదే అనువైన చోటు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో రేకుల కింద బ్యాటరీ పెట్టడమా! 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. లిథియం అయితే సెల్ ఉష్ణోగ్రత 55 దగ్గరికి రాగానే చాలా బీఎంఎస్‌లు చార్జింగ్ ఆపేస్తాయి. సరిగ్గా ఎండ బాగా ఉన్న గంటల్లోనే బ్యాటరీ ఎక్కదు.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉత్తరపు గోడ, పడమటెండ తగలని చోటు మంచిది. అలాగని నేల మీద పెట్టొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ ప్రాంతాల్లో మొదటి అంతస్తుకు చేర్చడమే నయం, ఫ్యానుగాలి ఆడే గదైతే చాలు. నీట మునిగిన లిథియం ప్యాక్‌ను ఎండబెట్టి మళ్లీ ఆన్ చేయకూడదు. లోపల తుప్పు పట్టి రోజుల తర్వాత షార్టయ్యే ప్రమాదం ఉంటుంది.

ట్యూబులర్‌కు ఇంకో జాగ్రత్త. చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. తలుపులున్న అల్మరాలోనూ, దీపం వెలిగే పూజగది పక్కనా దానికి చోటివ్వకండి.

అపోహ: తీగ ఏదైనా తీగే, ఎంసీబీ ఏదైనా ఎంసీబీయే.

5 కిలోవాట్లను 48 వోల్టుల దగ్గర తీస్తే 100 ఆంపియర్ల పైన ప్రవహిస్తుంది. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, పొడవు రెండు మీటర్ల లోపు, బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గర్లో డీసీ ఫ్యూజు. ఇంటి లైన్లోది ఏసీ కరెంటు, బ్యాటరీది డీసీ. మామూలు ఏసీ ఎంసీబీ ఇక్కడ పనికిరాదు. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి లోపల పుట్టిన నిప్పు ఆరుతుంది. డీసీ సున్నాకు రాదు, నిప్పు అలాగే నిలబడి ఎంసీబీనే కరిగిస్తుంది.

కేబుల్ చివర తొడిగే లగ్‌ను సుత్తితో కొట్టి బిగించే మేస్త్రీని అక్కడే ఆపండి. హైడ్రాలిక్ క్రింపర్ ఉండాలి. వదులు లగ్‌లో 5 మిల్లీఓమ్‌ల నిరోధం చాలు, 100 ఆంపియర్లకు రూపాయి బిళ్లంత చోట 50 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ ఒకటి బ్యాటరీ టెర్మినల్‌కు ఆనించి ఉంచినట్టే లెక్క. నెలకోసారి ఫుల్ లోడులో చెయ్యి దగ్గరపెట్టి చూడండి, ముట్టుకోవద్దు.

ఇంటి వైపు ఎక్కువగా జరిగే తప్పు న్యూట్రల్‌ది. బ్యాకప్‌లో ఉండాల్సిన ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ వేరే డీబీ (ఎంసీబీలుండే పెట్టె)లోకి మార్చేటప్పుడు ఫేజు ఒక్కటే మార్చి న్యూట్రల్‌ను పాత బస్‌బార్ (న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీ) మీదే వదిలేస్తారు. షాక్ కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ స్విచ్ ఊరికే పడిపోతూ ఉంటుంది. విసిగిపోయి దాన్ని తీసేయమంటారు. తీయించాల్సింది ఆర్‌సీసీబీని కాదు, ఆ తప్పు కనెక్షన్‌ను.

అపోహ: తుపాను వచ్చినా మనకు చింతలేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి ఆకాశం గుర్తుందా? అలాంటి రోజు 3 కిలోవాట్లకు రెండు మూడు యూనిట్లు వస్తే గొప్ప. హెచ్చరిక రాగానే లైను నుంచే బ్యాటరీని 100 శాతం నింపి, ఫ్రిజ్ తప్ప పెద్ద లోడ్లన్నీ ఆపేయాలి. అందుకని "గ్రిడ్ చార్జింగ్" సెట్టింగ్ ఎక్కడుందో ముందే నేర్చుకోండి.

ఇక చిన్నవి. సూర్యఘర్ సబ్సిడీ 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు రూ.30,000, మూడోదానికి రూ.18,000. అంటే గరిష్ఠంగా రూ.78,000, అదీ సోలార్‌కే, బ్యాటరీకి రాదు. నెట్ మీటర్ ఉన్న ఇంట్లో ఇన్వర్టర్ మార్చాలంటే విద్యుత్ ఆఫీసుకు చెప్పకుండా మార్చకూడదు. ట్యూబులర్‌లో ఆర్వో నీళ్లు పోయకూడదు, డిస్టిల్డ్ వాటరే. పాత బ్యాటరీ పక్కన కొత్తది సిరీస్‌లో కలిపితే కొత్తదీ పాతదాని దారే పడుతుంది.

పని పూర్తయిందని సంతకం అడిగిన రోజున, మధ్యాహ్నం పన్నెండింటికి మెయిన్ ఆఫ్ చేయించండి. ఫ్రిజ్, ఫ్యాన్లు ఆగకుండా ఉండాలి, ప్యానెళ్ల నుంచి చార్జింగ్ సాగుతూనే ఉండాలి. బ్యాకప్ డీబీలో ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడాలి. మీటర్ వైపు తీగల్లో వోల్టేజీ సున్నా అని మల్టీమీటర్‌తో చూపించమనండి. తర్వాత మెయిన్ ఆన్ చేసి, సోలార్ మళ్లీ లైనుతో కలిసేదాకా అయిదు నిమిషాలు అక్కడే నిలబడండి.