ట్రోలింగ్ కేసు స్టేషన్‌లో ఎందుకు నలుగుతుంది?

ట్రోలింగ్ అనే పేరుతో మన చట్టాల్లో నేరమే లేదు. ఫిర్యాదు తీసుకున్న పోలీసులు జరిగినదాన్ని విడగొట్టి, దేనికి ఏ సెక్షన్ సరిపోతుందో వెతుక్కోవాలి. ఈ తిప్పలకు పాతికేళ్ల చరిత్ర ఉంది.

ఐటీ చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. ఈ-కామర్స్‌కు, డిజిటల్ సంతకాలకు చట్టబద్ధత ఇవ్వడమే దాని ప్రధాన ఉద్దేశం. మనిషిని వేధించడం గురించి ప్రత్యేకంగా ఏమీ రాయలేదు. 2004లో చెన్నైలో, యాహూ గ్రూపులో ఒక మహిళ గురించి అసభ్య సందేశాలు పెట్టిన వ్యక్తికి శిక్ష పడింది. అదీ అశ్లీలతకు సంబంధించిన 67వ సెక్షన్‌కు పాత ఐపీసీ సెక్షన్లు జోడిస్తేనే.

ఆ లోటు తీర్చాలని 2008 సవరణలో 66ఏ తెచ్చారు. చిరాకు, అసౌకర్యం కలిగించే సందేశానికీ మూడేళ్ల వరకు జైలు! అంత వదులుగా రాసిన సెక్షన్ ఎటు పోవాలో అటే పోయింది. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, బాల్ ఠాక్రే మృతి తర్వాతి బంద్‌ను ఫేస్‌బుక్‌లో ప్రశ్నించిన యువతినీ, ఆ పోస్టుకు లైక్ కొట్టిన స్నేహితురాలినీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు 66ఏను కొట్టేసింది. కొట్టేయాల్సిందే. కానీ నిజంగా వేధింపులకు గురవుతున్నవారికి పనికొచ్చేలా, కచ్చితమైన మాటలతో దాని స్థానంలో మరో సెక్షన్ రాలేదు. ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది.

అందుకే ఇప్పుడున్నవన్నీ ముక్కలు. వద్దన్నా మెసేజ్‌లతో వెంటపడటం 2013లో నేరమైంది. ఇప్పుడది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. అయితే అది మహిళల వెంటపడే మగవాళ్లకే వర్తిస్తుంది. తోటివాళ్ల వేధింపుతో కుంగిపోయే అబ్బాయికి అది అక్కరకు రాదు. అదే సంహితలో బెదిరింపు ఉంటే 351, పరువు తీస్తే 356. ఫేక్ ప్రొఫైల్‌కు ఐటీ చట్టంలోని 66సీ, 66డీ, రహస్యంగా తీసిన నగ్న చిత్రానికి 66ఈ చూడాలి. బాధితులు 18 ఏళ్లలోపువారై, వేధింపు లైంగికమైనదైతే ఆడ, మగ తేడా లేకుండా పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో వర్తిస్తుంది.

ఇంకో చిక్కు హోదాతో వస్తుంది. ఐటీ చట్టం కింద దర్యాప్తు మొదట్లో డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి. 2008 సవరణ దాన్ని ఇన్‌స్పెక్టర్‌కు దించింది. స్టేషన్‌లో ఎస్సై ఉన్నా ఆ కేసు దర్యాప్తు చేయలేరు. సైబర్ క్రైమ్ ఠాణాకు వెళ్లమనడానికి ఇదొక కారణం. అయితే ఫిర్యాదు తీసుకోకపోవడానికి ఇది సాకు కాదు: నేరం ఏ పరిధిలో జరిగినా సమాచారం నమోదు చేయాలని పోలీసు, కోర్టు ప్రక్రియల చట్టమైన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. పేరు చెప్పకుండా పెడితే మాత్రం అది ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునే వీలుండదు.

ఎక్కువ కేసులు దెబ్బతినేది సాక్ష్యం దగ్గర. భయంతో, అవమానంతో చాట్ డిలీట్ చేసేస్తారు. లేదంటే పేరు మాత్రమే కనిపించే స్క్రీన్‌షాట్ తెస్తారు. ఖాతాదారు యూజర్‌నేమ్ మార్చేస్తే దానితో మనిషిని పట్టుకోవడం కష్టం. ముందు ప్రొఫైల్ లింక్, పోస్టు లింక్ కాపీ చేసి పెట్టుకోవాలి. తేదీ, సమయం కనిపించేలా ఆ లింక్ తెరుస్తూ స్క్రీన్ రికార్డింగ్ చేయాలి. బ్లాక్ చేయడం ఆ తర్వాతే. చాట్ ఉన్న ఫోన్‌ను రీసెట్ చేయకూడదు, అమ్మేయకూడదు. కాపీలు కోర్టులో నిలవాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి.

పోస్టు తీయించేస్తే ఆధారం పోతుందని చాలామంది వెనకాడతారు. ఆ భయం అక్కర్లేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, ఫిర్యాదుపై తొలగించిన పోస్టునూ దాని రికార్డులనూ కంపెనీ 180 రోజులు భద్రపరచాలి. దర్యాప్తు సంస్థ కోరితే ఇంకా ఎక్కువ కాలం ఉంచాలి. ఈ స్టేషన్ నుంచి ఆ స్టేషన్‌కు తిప్పుతూ, రికార్డులు ఉంచమని కంపెనీకి లేఖ రాయడమే ఆలస్యమైతే, 180 రోజుల తర్వాత ఆ రికార్డు ఉంటుందన్న హామీ లేదు.