"పేరొక్కటి తీసేస్తే చాలు సార్": కాలేజీ పత్రికపై అపోహలు - వాస్తవాలు

మొన్న మంగళవారం సాయంత్రం, పేజీలు ప్రెస్‌కి పంపడానికి గంట కూడా లేని సమయంలో, ఒక అమ్మాయి మా పత్రిక గది గుమ్మంలో నిలబడింది. కాలేజీ కౌన్సెలర్‌ని కలవడానికి మూడు వారాలు ఆగాల్సి వచ్చిందని మా విలేకరికి చెప్పింది తనే. "నేను చెప్పిందంతా వేసుకోండి సార్. పేరొక్కటి తీసేస్తే చాలు" అంది.

విద్యార్థులు నడిపే పత్రికకి సలహాదారుగా 12 ఏళ్ల నుంచి ఉన్నాను. ఈ మాట వినని సెమిస్టర్ లేదు.

ప్రూఫ్ తీసి చూశాను. పేరు లేదు, నిజమే. పేరుండాల్సిన చోట మావాడు ఇలా రాశాడు: "నాటక బృందానికి లైటింగ్ చూసే మూడో సంవత్సరం ఫిజిక్స్ విద్యార్థిని ఒకరు."

"మీ క్లాసులో అమ్మాయిలు ఎంతమందమ్మా?"

"తొమ్మిది మంది సార్."

"అందులో నాటకాలకి లైట్లు చూసేది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనొక్కదాన్నే" అంటూ పక్కనున్న పాత సంచికల కట్ట మీద కూర్చుండిపోయింది.

అపోహ: పేరు వేయకపోతే ఎవరూ గుర్తుపట్టరు.

వాస్తవం: పెద్ద ఊళ్లో అయితే నిజమే కావచ్చు. అందరూ ఒకే మెట్లెక్కి, ఒకే లైబ్రరీలో కూర్చునే చిన్న కాలేజీలో మనిషిని పట్టిచ్చేది పేరు కాదు, వివరం. 700 మంది ఉన్న కాలేజీ అనుకుందాం. "ఫలానా డిపార్ట్‌మెంట్" అనగానే 60 మంది మిగులుతారు. "మూడో సంవత్సరం" అంటే 20 మంది. "విద్యార్థిని" అంటే పది మంది. ఆపైన ఒక్క అలవాటో, ఒక్క క్లబ్బో చెప్పామంటే ఆ మనిషి ఫోటో వేసినట్టే. ఇది నా ఊహేం కాదు. జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది), పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలు కలిపితే చాలు, అమెరికా జనాభాలో దాదాపు 87 శాతం మందిని విడిగా గుర్తించే వీలుందని డేటా ప్రైవసీ మీద పరిశోధన చేసే లటాన్యా స్వీనీ 2000లోనే లెక్క కట్టి చూపించారు. అంత పెద్ద దేశంలోనే అలా ఉంటే మన కారిడార్ సంగతి చెప్పాలా?

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఒక మనిషిని బాధపెట్టి నేర్చుకున్నాను. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనే ఎడిటర్ని. ఫీజు కట్టలేక చదువు మానేద్దామా అని ఆలోచిస్తున్న ఒక జూనియర్ గురించి రాశాను. పేరు మార్చాను, డిపార్ట్‌మెంట్ కూడా రాయలేదు. ఎంత జాగ్రత్తపరుణ్ణో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. కానీ అతను మాట మాటకీ వాడే "లెక్క తేలదన్నా" అన్న ముక్కని ముచ్చటపడి కోట్‌లో అలాగే ఉంచేశాను. పత్రిక పంచిన రోజు మధ్యాహ్నానికల్లా హాస్టల్లో అతను ఎదురుపడితే చాలు, "ఏరా, లెక్క తేలిందా?" అని అడగడం మొదలుపెట్టారు. నన్నేమీ అనలేదు. ఆ ఏడాది మళ్లీ నాతో మాట్లాడనూ లేదు. పేరు దాచి గొంతు బయటపెట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో చిక్కుంది. మన భాషలో క్రియ కూడా గుట్టు విప్పుతుంది. "చెప్పింది" అని రాస్తే మగవాళ్లంతా పక్కకి తప్పుకుంటారు. "చెప్పాడు" అంటే ఆడవాళ్లు. అందుకే పేరు దాచాల్సిన కథనాల్లో "చెప్పారు" తప్ప ఇంకోటి వాడొద్దని మా డెస్క్ గోడకి కాగితం అంటించాను. ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ రావడం, ఆ కాగితాన్ని చూడకపోవడం మామూలే.

కాబట్టి పత్రికతో మాట్లాడేటప్పుడు "పేరు వేయరు కదా?" అని అడిగి ఊరుకోకండి. "నా గురించి ఏమేం రాస్తున్నారు?" అని అడగండి. ఆ వాక్యం చదివించుకుని వినండి. మీ రూమ్మేట్ అది చదివితే ఎవరో చెప్పగలదా అని ఆలోచించండి. చెప్పగలదంటే ఇంకో వివరం తీయించండి. సంపాదకులు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక దీనికి తిరగేసిన భయం ఒకటుంది. కాలేజీ వదిలాక వచ్చేది. ఉద్యోగాల సీజన్ మొదలవగానే నాకు మెయిళ్లు మొదలవుతాయి. "ఆరేళ్ల క్రితం మీ పత్రికలో నా పేరుతో ఒక కోట్ వచ్చింది. ఇప్పుడు పేరు కొట్టి వెతికితే మొదట అదే కనిపిస్తోంది. ఇంటర్వ్యూ ఉంది సార్, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు." తీరా తెరిచి చూస్తే ఏముంటుంది? హెయిర్ స్ట్రెయిటెనర్ ఆపడం మర్చిపోయి అర్ధరాత్రి ఫైర్ అలారం మోగించిన సంగతి. హాస్టల్ మొత్తం చలిలో అరగంట బయట నిలబడిందని చిలిపిగా రాసిన నాలుగు లైన్లు. రాసినవాళ్లకి అది నవ్వులాట. పేరు మోసేవాళ్లకి కాదు.

చూడండి, ఇక్కడ తమాషా ఏమిటంటే, క్యాంపస్‌లో ఉన్నంతకాలం పట్టించేది వివరం. గేటు దాటాక పట్టించేది పేరు. బయటివాడికి ఫైర్ అలారం, మూడో బ్లాకు తెలియవు. వాడి దగ్గరున్నది పేరొక్కటే, వెతికేదీ దాన్నే. అంటే ఆరోజు పెద్దగా పనికిరాని చిట్కా, పేరు తీసేయడం, ఆరేళ్ల తర్వాత బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

"పాతదే కదా, ఎవరికీ దొరకదులే" అనుకోవడం కూడా కుదరదు. అట్టపెట్టెల్లో పడున్న పాత సంచికల్ని స్కాన్ చేసి, అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో నడిపిస్తే, 30 ఏళ్ల నాటి చిన్న వార్త కూడా వెతుకులాటలోకి వచ్చేస్తుంది. వెబ్‌సైట్ నుంచి తీసేసినా పాత వెబ్ పేజీలను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో నకలు ఉండొచ్చు.

అయితే తొలగించడమొక్కటే దారి అనుకుని కుంగిపోవద్దు. స్పెయిన్‌లో ఒకాయన ఆస్తి వేలం ప్రకటన 1998లో లా వాన్‌గ్వార్డియా పత్రికలో వచ్చింది. పదేళ్లు దాటినా ఆయన పేరు కొడితే అదే కనిపించేది. 2014 మేలో యూరప్ న్యాయస్థానం ఆయన వైపే తీర్పిచ్చింది. కానీ పత్రికలోంచి ప్రకటన తీయించలేదు. పేరుతో వెతికినప్పుడు గూగుల్ ఆ లింకు చూపించకూడదంది, అంతే. కథనం ఉంటుంది, దారి మూసుకుపోతుంది. అమెరికా దినపత్రిక బోస్టన్ గ్లోబ్ కూడా 2021 జనవరిలో పాత వార్తల వల్ల ఇబ్బంది పడేవాళ్ల అర్జీలు చూడటం మొదలుపెట్టింది. మేం చేసేదీ దాదాపు అదే. తప్పుంటే సవరణ వేస్తాం. వార్తలో చెప్పిన కేసుని కోర్టు కొట్టేస్తే ఆ సంగతి పైన చేరుస్తాం. చిన్నాచితకా విషయమైతే పేరు తీసి, పేరు తీశామని కింద రాస్తాం, లేదా సెర్చ్ ఇంజిన్లకి ఆ పేజీ చూపవద్దని చెబుతాం. గుట్టుచప్పుడు కాకుండా చెరిపేయడం మాత్రం చేయం. మెయిల్ పంపేటప్పుడు దయచేసి లింకు పెట్టండి, ఏ వాక్యం ఇబ్బందో చెప్పండి. "లాయర్‌తో మాట్లాడుతున్నా" అని మొదలుపెట్టనక్కర్లేదు. మామూలుగా అడిగినా చేస్తాం.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"మాట్లాడటం అయ్యాక 'ఇది ఆఫ్ ది రికార్డ్', అంటే అచ్చులో వేయొద్దు, అంటే సరిపోతుంది." సరిపోదు. ఒప్పందం మాటకి ముందు ఉండాలి, రెండు వైపులా ఉండాలి. కానీ విలేకరిని జీవితంలో మొదటిసారి చూసిన పద్దెనిమిదేళ్ల పిల్లల దగ్గర మేం ఈ రూల్ బిగించం. మంత్రిగారి దగ్గర బిగించమనండి.

"కాలేజీ పత్రికకి పరువు నష్టం కేసులు వర్తించవు." ఎవరు చెప్పారో గానీ చేతులెత్తి మొక్కాలి. విద్యార్థి రాసినా అబద్ధం అబద్ధమే.

"ప్రైవసీ చట్టం ఉంది, విద్యార్థుల గురించి పత్రిక రాయకూడదు." అమెరికా కాలేజీల్లో 1974 నాటి ఫెర్పా చట్టం పేరు చెప్పి ఇలాగే బెదిరిస్తారు. అది కట్టడి చేసేది విద్యాసంస్థ దగ్గరున్న రికార్డుల్ని. విద్యార్థి విలేకరి సొంతంగా సేకరించిన వార్తని కాదు.

"పైవాళ్లు కథనం వద్దంటే ఇక ఆ జాగా ఖాళీగా వదిలి ఊరుకోవాల్సిందే." ఖాళీ కూడా మాట్లాడుతుంది మరి. అలబామాలోని ట్రాయ్ స్టేట్ కాలేజీలో ఎడిటర్ గ్యారీ డిక్కీ రాసిన సంపాదకీయాన్ని వేయొద్దన్నారు. ఆ జాగాని తెల్లగా వదిలేసి, దానిమీద అడ్డంగా "సెన్సార్డ్" అని అచ్చేశాడు. కాలేజీ సస్పెండ్ చేస్తే కోర్టుకెళ్లాడు. 1967లో కోర్టు అతన్ని వెనక్కి తీసుకోమంది. ఇది ప్రభుత్వ కాలేజీ సంగతి. ప్రైవేటు యాజమాన్యాల దగ్గర లెక్కలు వేరు, పత్రిక నియమావళిలో ఏం రాసుకున్నారో ముందే చూసుకోండి.

"చిన్న కాలేజీలో వార్తలేముంటాయి?" ఇది వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మా పాత సంచికల్లో హాస్టల్ అంతటికీ ఒకే ఫోన్ ఉన్న కాలంలో మనిషికి మూడు నిమిషాలే అన్న నియమం మీద జరిగిన గొడవ ఉంది, రెండు సంచికల నిండా ఉత్తరాలతో. ఆ ఫోను ఎలా ఉండేదో ఇంకెక్కడా రాసిలేదు.

మంగళవారం సంగతి సగంలో వదిలేశాను. విలేకరిని పిలిచాను, ముగ్గురం కూర్చున్నాం. ముందు లైటింగ్ పోయింది. తర్వాత ఫిజిక్స్. "విద్యార్థిని" కాస్తా "విద్యార్థి" అయింది, "చెప్పింది" "చెప్పారు" అయింది. ఆమె వాడిన ఒక ఊతపదం కూడా కొట్టేశాను. ఆ పదం ఎందుకు తీస్తున్నానో మావాడికి అర్థం కాలేదు, తర్వాత చెబుతానన్నాను. చివరికి మూడు వారాలన్న చోటికి వచ్చి ఆగాను. అపాయింట్‌మెంట్ల రిజిస్టర్ చూసేవాళ్లు తేదీలు లెక్కపెట్టుకుంటే దొరికిపోవచ్చు, "చాలా రోజులు" అని మారుద్దామా అని అడిగాను.

ఆమె కాగితం మళ్లీ మొదటినుంచి చదివింది. "అది ఉంచండి సార్" అంది. "చాలా రోజులంటే నాలుగు రోజులేమో అనుకుంటారు."

ఉంచాం.