చెరువు మట్టిలో ప్రాచీన వాతావరణం: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో తొలి ఊళ్లు వెలసిన కాలంలో ఎంత వాన కురిసేదో, ఏ మొక్కలు పెరిగేవో తెలుసుకోవడానికి నీరు నిలిచే పల్లాల మట్టిలోని పుప్పొడిని, బొగ్గు నలుసులను, గడ్డి ఆకుల్లో ఏర్పడే ఫైటోలిత్‌లనే సిలికా కణాలను పరిశీలిస్తాం. ఈ పని గురించి తరచుగా వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పాత చెరువును ఎంత లోతుగా తవ్వితే అంత ప్రాచీన చరిత్ర దొరుకుతుంది.

వాస్తవం: కట్ట పడిన తరువాతే పూడిక చేరడం మొదలవుతుంది. నల్లగొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం చెరువు మధ్యయుగపు కందూరు చోడ రాజుల కాలం నాటిది కనుక, దాని పూడిక ఎంత మందంగా ఉన్నా తొలి ఊళ్లు వెలసిన నవీన శిలాయుగం గురించి ఏమీ చెప్పలేదు. ఆ కాలపు ఆనవాళ్లను కట్టకు ముందే అక్కడ పారిన వాగు ఒండ్రులో వెతకాలి. పైగా, 2015లో మొదలైన చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయతో ఎన్నో చెరువుల పై పొరలు పొలాలకు చేరాయి. రైతుకు అది మేలే గాని, మాకు ఆ కొన్ని శతాబ్దాలు దక్కకుండా పోయాయి.

అపోహ: కింది పొర పాతది, పై పొర కొత్తది, లోతును బట్టి కాలం లెక్కకట్టవచ్చు.

వాస్తవం: ఏడాది పొడవునా నీరుండే సరస్సు విషయంలో ఇది చాలావరకు నిజమే. మన చెరువులు వేసవిలో ఎండిపోతాయి, శిఖంలోని (చెరువు అడుగు నేలలోని) నల్లరేగడి నెర్రెలిస్తుంది, తొలకరికి ఈ ఏటి మట్టి ఆ నెర్రెల గుండా జారి ఎంతో పాత పొరలో కలిసిపోతుంది. పుప్పొడి పైతొడుగు ప్రయోగశాలలోని ఘాటైన ఆమ్లాలను సైతం తట్టుకుంటుంది గాని, ఏటా తడిసి ఆరే మట్టిలో గాలి తగిలి శిథిలమవుతుంది. చివరికి మిగిలేవి గట్టి రేణువులే కాబట్టి, వాటిని మాత్రమే లెక్కపెడితే లేని వృక్షసంపదను ఊహించుకున్నట్టవుతుంది. అందుకే మేము ముందుగా వెతికేది ప్రాచీన మొక్కలను కాదు, కొత్తగా వచ్చిన వాటిని. సర్కారు తుమ్మ 19వ శతాబ్దిలో మన దేశానికి వచ్చింది, వయ్యారిభామ 1950ల నుంచి వ్యాపించింది. వీటి పుప్పొడి లోతైన పొరలో కనిపించిందంటే ఆ పొర చెదిరినట్టే. మిగిలిన కార్బన్‌ను బట్టి వయసు లెక్కకట్టే రేడియోకార్బన్ పరీక్షను కూడా కళ్లు మూసుకుని నమ్మలేం: రేగడిలోని సున్నపు ముద్దల నుంచి పాత కార్బన్ నీటిలో కరిగి నత్తగుల్లల్లోకి చేరితే, గుల్ల అసలు వయసుకన్నా పాతదిగా తేలుతుంది. నేలమీద పెరిగిన మొక్క గింజ గాని, సన్నని పుల్ల బొగ్గు గాని దొరికితే అదే మేలు.

అపోహ: ఏ పుప్పొడి ఎక్కువగా ఉంటే ఆ చెట్లే ఎక్కువగా ఉండేవి.

వాస్తవం: గడ్డి, నెమలినార పుప్పొడిని గాలికి వదులుతాయి. మోదుగు పిట్టలను నమ్ముకుంటుంది. తుమ్మ పుప్పొడి ముద్దలుగా చెట్టు దగ్గరే రాలుతుంది. మోదుగు పుప్పొడి దొరకనంత మాత్రాన మోదుగు లేదనలేం.

అపోహ: గడ్డి పెరిగిందంటే కరువు వచ్చినట్టే.

వాస్తవం: కార్బన్ ఐసోటోపుల్లో (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాల పాళ్లలో) గరిక వంటి ఎండను తట్టుకునే గడ్డి, మనిషి విత్తిన అండుకొర్ర ఒకే తీరుగా కనిపిస్తాయి. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా బంగాళాఖాతం అడుగున తీసిన మట్టిలో మిగిలిన, ఆకులపై ఉండే మైనపు పూతలు, సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి పొడి నేలల మొక్కలు పెరిగాయని సూచించాయి; అయితే అది గోదావరి పరీవాహకం మొత్తానికి సగటు, పాలమూరు నీళ్లేమో కృష్ణలో కలుస్తాయి. పైగా ఇక్కడ పశువుల పాత్రను తీసివేయలేం. పాలమూరు ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో తవ్విన బూడిద దిబ్బ, ఆవుపేడ పదేపదే కాలి ఏర్పడినది. అందులో గిట్టల ముద్రలు కూడా దొరికాయి. అంతటి మందలు మేసిన చోట గడ్డి, బొగ్గు, పేడ మీద పెరిగే శిలీంధ్రాల బీజాలు మూడూ కలిసి పెరిగి, నీటిమట్టాన్ని సూచించే డయాటమ్‌లనే సూక్ష్మ నాచు మొక్కలు మాత్రం మారకపోతే, ఆ మార్పును వానలకంటే మేతకే ఆపాదిస్తాం.