మైలోమా తిరగబెడితే తర్వాతి మందు ఏది?

మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల క్యాన్సర్) తిరగబెట్టిందని తెలియగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట, "ఇంతకంటే పవర్‌ఫుల్ మందు లేదా డాక్టర్ గారూ?" డాక్టర్ మాత్రం ముందు పాత ఫైలు తిరగేస్తారు. జబ్బు తిరగబెట్టేనాటికి రోగి ఏ మందు మీద ఉన్నారు? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఇద్దరిని ఊహించుకోండి. ఒకరికి రోజూ లెనాలిడోమైడ్ అనే మైలోమా మందు వేసుకుంటూ ఉండగానే రక్తంలో ఎం ప్రొటీన్ (మైలోమా కణాలు తయారుచేసే ప్రొటీన్) పెరిగింది. ఇంకొకరికి ఆ మందు ఆపేసి మూడేళ్లు బాగున్నాక పెరిగింది. రిపోర్టులో అంకె ఒకటే కావచ్చు, జబ్బు తీరు మాత్రం వేరు. మందు వాడుతుండగా గానీ, ఆపిన 60 రోజుల్లోపు గానీ జబ్బు ముదిరితే ఎముక మజ్జలోని ఆ కణాలు దానికి లొంగడం లేదనే లెక్క. రెండోవారికి అదే మందు మళ్లీ పనికిరావచ్చు. మొదటివారికి దారి మార్చాలి: అంతకుముందు వాడి ఉండకపోతే డారటుముమాబ్, దానికి తోడు కార్ఫిల్జోమిబో పోమాలిడోమైడో, వాటితో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్.

ఒంటి పరిస్థితీ చూడాలి. బోర్టెజోమిబ్ అనే మరో మైలోమా మందు వల్ల పాదాలు మొద్దుబారి, కాలి చెప్పు ఊడిపోయినా తెలియని వాళ్లుంటారు. వాళ్లకు మళ్లీ అదే ఇవ్వడం అన్యాయం. గుండె బలహీనంగా ఉంటే కార్ఫిల్జోమిబ్‌తో జాగ్రత్త. కిడ్నీలు దెబ్బతింటే లెనాలిడోమైడ్ డోసు తగ్గించాలి. డారటుముమాబ్ ఎర్ర రక్తకణాలకూ అంటుకుని, రక్తం ఎక్కించే ముందు చేసే పరీక్షలను తికమక పెడుతుంది. అందుకే మొదటి డోసుకు ముందే ఆ పరీక్షలు చేయించి పెట్టుకోవాలి.

ఎం ప్రొటీన్ మెల్లగా పెరుగుతూ, ఏ ఇబ్బందీ లేకపోతే కొన్నాళ్లు గమనిస్తూ ఆగవచ్చు. ఈ ఆగడమే ఇంట్లోవాళ్లకు పెద్ద టెన్షన్. ఎముకల నొప్పి, కాల్షియం పెరగడం, కిడ్నీ దెబ్బతినడం లాంటివి కనిపిస్తే మాత్రం ఆగకూడదు.

ఇక కార్-టి అనే కణ చికిత్స. మైలోమాకు అమెరికాలో మొదటిది 2021లో అనుమతి పొందింది. రోగి టి కణాలనే (రోగనిరోధక కణాలు) తీసి, మైలోమా కణాల మీదుండే బీసీఎంఏ అనే ప్రొటీన్‌ను గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కిస్తారు. తయారీకి వారాలు పడుతుంది, అంతవరకు జబ్బును అదుపులో పెట్టాలి. 2022లో వచ్చిన టెక్లిస్టమాబ్ అనే మందు కూడా అదే బీసీఎంఏను పట్టుకుంటుంది, అప్పటికప్పుడు మొదలుపెట్టవచ్చు, కానీ ఇన్ఫెక్షన్ల బెడద ఎక్కువ. దాన్ని ముందు వాడేస్తే తర్వాత బీసీఎంఏ కార్-టి అంత బాగా పనిచేయకపోవచ్చు. కాబట్టి రెండూ వీలైన చోట చాలామంది నిపుణులు ముందు కార్-టి వైపే మొగ్గుతారు. అన్ని వారాలు ఆగలేనంత వేగంగా జబ్బు ముదురుతుంటే టెక్లిస్టమాబ్ లాంటి మందుతోనే మొదలుపెట్టాల్సి రావచ్చు.