మతువాల ఠాకూర్లు: ఇంటిపేరు వెనక నూటయాభై ఏళ్ల పోరు

ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణతో పశ్చిమ బెంగాల్‌లో మతువాల పౌరసత్వం మళ్లీ వివాదమైంది. మతువాలంటే ఎక్కువగా నామశూద్రులు, ఒకప్పుడు బెంగాల్ పై కులాలు అంటరానివాళ్లుగా చూసిన కులం, అనుసరించే భక్తి మార్గంవాళ్లు. ఠాకూర్‌నగర్‌లోని గురువుల కుటుంబమే రెండుగా చీలి ఉంది. శాంతను ఠాకూర్ బీజేపీ కేంద్రమంత్రి, ఆయన పెద్దమ్మ మమతాబాలా ఠాకూర్ తృణమూల్ ఎంపీ.

ఈ ఠాకూర్లు రవీంద్రనాథ్ ఠాగూర్ (బెంగాలీలో ఠాకూర్) వంశం కాదు. వాళ్లు పిరాలీ బ్రాహ్మణులు, వీళ్లు నామశూద్రులు. మతువా మార్గాన్ని మొదలుపెట్టిన హరిచాంద్ అసలు ఇంటిపేరు బిశ్వాస్. భక్తులు ఆయన్ని ఠాకూర్ (దేవుడు) అని కొలిచారు, తర్వాతి తరాలకు అదే ఇంటిపేరైంది.

అసలు మలుపు దేశ విభజన అని చాలామంది అంటారు. నేను మాత్రం 1872 అంటాను. ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న బాకర్‌గంజ్ ప్రాంతంలో ఒక నామశూద్ర పెద్ద తన తండ్రి శ్రాద్ధానికి పై కులాలను భోజనానికి పిలిచాడు. వాళ్లు రాలేదు, పైగా మీ ఆడవాళ్లు సంతలకు తిరుగుతారంటూ అవమానించారు. దాంతో ఫరీద్‌పూర్, బాకర్‌గంజ్ ఊళ్లలో నామశూద్రులు పై కులాల పొలాల్లో, ఇళ్లలో పని మానేశారు. జైళ్లలో తమ కులం ఖైదీల చేతే పాకీపని చేయించడం ఆపాలని కూడా అడిగారు. కూలి లేక తిండికి కటకటలాడినవాళ్లు చివరికి పనికి వెళ్లక తప్పలేదు. అయినా అడిగే ధైర్యం అప్పుడే పుట్టింది.

హరిచాంద్ కొడుకు గురుచాంద్ తమ ఊరు ఓరాకాందిలో ఆ ధైర్యాన్ని బడి వైపు, సర్కారు కాగితం వైపు నడిపాడు. ఆస్ట్రేలియా మిషనరీ మీడ్ సాయం తీసుకున్నాడు, మతం మాత్రం మారలేదు. 1901 జనగణనలో నామశూద్ర పక్కన బ్రాకెట్లో 'చండాల' అని ఉండేది. 1911లో అది పోయింది. ఇదంతా బ్రిటిష్‌వాళ్ల విభజించి పాలించే ఎత్తు అని భద్రలోకులు (చదువుకున్న పై కులాలవాళ్లు) అన్నారు. పక్కన కూర్చుని తినడానికి ఒప్పుకోనివాళ్లు స్వదేశీ ఉద్యమానికి రమ్మంటే గురుచాంద్ వెళ్లలేదు. అందులో తప్పేముంది?

విభజన తర్వాత గురుచాంద్ మనవడు, బారిస్టర్ ప్రమథరంజన్ ఠాకూర్ సరిహద్దుకు ఇవతల ఠాకూర్‌నగర్ కట్టించాడు. మిగతా శరణార్థుల్లో చాలామంది దండకారణ్యం దాకా చెదిరిపోయారు. మన కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం బెంగాలీ క్యాంపుల్లోనూ నామశూద్రులున్నారు. బెంగాల్‌లో వాళ్లు ఎస్సీలు, తెలంగాణ ఎస్సీ జాబితాలో ఆ పేరే లేదు.

2003 పౌరసత్వ సవరణతో చిక్కు ముదిరింది. తల్లిదండ్రుల్లో ఒకరు 'అక్రమ వలసదారు' అయినా ఆ తర్వాత ఇక్కడ పుట్టిన బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రాదు. బంగ్లాదేశ్ లాంటి చోట్ల నుంచి వచ్చిన హిందువులు, మరికొన్ని మతాలవాళ్లకు పౌరసత్వమిచ్చే 2019 చట్టం (సీఏఏ) దారి చూపిందని శాంతను వర్గం చెబుతోంది. కానీ ఆ దారిలో వెళ్లాలంటే ఏళ్ల తరబడి ఓటేసినవాళ్లు కూడా తాము బంగ్లాదేశ్ నుంచి వచ్చామని ముందు రాసివ్వాలి. రాసిచ్చాక దరఖాస్తు తిరస్కరిస్తే ఏమవుతామన్న టెన్షన్‌తోనే చాలామంది వెనకాడుతున్నారు.